ఆయాసపడే మోటారు కోసం జంషెడ్‌పూర్ దాకా

మోటారు జబ్బుకి ఫోనులో మందు చెప్పకూడదని మా ఆయన అనేవాడు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాను. కార్తీకంలో జంషెడ్‌పూర్ వెళ్ళొచ్చాక గానీ అది నా బుర్రకెక్కలేదు. వెళ్ళేటప్పుడు నా సంచిలో పడవ మోటారుకి తగిలించే మూడు రెక్కల ఫ్యాను ఒకటి, రెంచీలు ఆరు, ఆవకాయ సీసా ఒకటి ఉన్నాయి. ఆవకాయ అక్కడివాళ్ళు తినేశారు. ఫ్యానూ రెంచీలూ వెళ్ళినవి వెళ్ళినట్టే తిరిగొచ్చాయి. నా పైటకి పెట్టుకునే పిన్నీసు మాత్రం అక్కడ ఉండిపోయింది. అదెలా ఉండిపోయిందో చెబుతాను.

మూడు ఫోన్లు

భీమిలి దగ్గర, సముద్రానికి వంద అడుగుల దూరంలో నాకో షెడ్డు ఉంది. పడవల వెనక తగిలించే మోటార్లు బాగుచేస్తాను. ఆ పని మా ఆయనది. ఆయన పోయి ఆరేళ్ళయింది, అప్పట్నుంచి నాది. మొదటిసారి వచ్చినవాళ్ళు "మేస్త్రి ఎక్కడమ్మా" అని అడుగుతారు. రెండోసారి వచ్చినవాళ్ళు అడగరు.

జంషెడ్‌పూర్‌లో ఉండేది మా మేనమామ కొడుకు సింహాచలం బావ. మీసాలు రాని వయసులో ఉక్కు ఫ్యాక్టరీకి కాంట్రాక్టు పనికని వెళ్ళి, ఫిట్టరై, అక్కడే రిటైరయ్యాడు. ఇల్లు భుయ్యాడీహ్‌లో, సువర్ణరేఖ నదికి దగ్గర్లో. ఒక వానాకాలం నీళ్ళు ఇళ్ళలోకి వచ్చాక వాళ్ళ వీధిలోని తెలుగువాళ్ళందరూ చందాలేసుకుని ఒక పడవా దానికో మోటారూ కొన్నారు. దాన్ని చూసుకునే పని బావకి అప్పగించారు. వరదప్పుడే కాదు, ఛఠ్ పండగ రోజు కూడా ఆ పడవ ఘాట్ దగ్గర కాపలా తిరుగుతుంది. ఆ రోజు వేలమంది ఆడవాళ్ళు నడుంలోతు నీళ్ళలో నిలబడతారు మరి.

దీపావళి ముందు బావ ఫోను చేశాడు.

"రత్నం, మోటారు సగం స్పీడు నుంచి పైకి ఎక్కనంటందే. పిడి ఎంత మెలేసినా అంతే."

"స్టార్టవుద్దా?"

"ఒక్క లాగుకే."

"ఐతే ప్లగ్గులు మార్చు బావా."

మార్చాడు. పొద్దున్న బాగైపోయిందట, సాయంత్రానికి మళ్ళీ అంతేనని ఫోను చేశాడు. పెట్రోలు ఫిల్టరు మార్చమన్నాను. అదీ పొద్దున్న బాగైంది, సాయంత్రానికి మొదటికొచ్చింది. మూడోసారి మాట్లాడినప్పుడు బావ గొంతు వేరుగా ఉంది.

"ఛఠ్‌కి నీల్లలో దిగే ముందురోజు ఘాట్ కమిటీవాళ్ళు ట్రయల్ సూత్తారు. అవతలి గట్టుకి రెండుపాలి పోయిరావాల. రాకపోతే పడవ దించనివ్వరు. దించనివ్వకపోతే మానె. నాకే బయంగా ఉంది రత్నం."

మా బావ నన్ను ఏడిపించిన మాటలు రాస్తే ఒక పుస్తకమవుతుంది. అందులో భయమన్న మాట ఎక్కడా లేదు. ఆ పూటే షెడ్డుకి తాళం వేశాను.

రైల్లో మరమరాలు

బరంపురం దాటాక నా ఎదురు సీట్లో ఒక ఆవిడ మరమరాల పొట్లం విప్పింది. పేరు సునీత. మొగుడూ పెళ్ళాలు విశాఖలో ఇళ్ళ కట్టుబడి పని చేస్తారట, అత్తగారి ఊరు జంషెడ్‌పూర్. పక్కన కొత్త వెదురు చేటలు రెండు, చంటిబిడ్డని పట్టుకున్నంత జాగ్రత్తగా పెట్టుకుంది.

"అక్కా, తెలుగు నాకు కొంచెం కొంచెం వస్తది" అని మరమరాలు నా చేతిలో పోసింది. పచ్చిమిర్చి, ఉల్లిపాయ, పైన ఆవనూనె. ఆవనూనె మా ఇంట్లో మోకాళ్ళకి రాసుకునేది. మొదటి గుప్పెడు తిన్నప్పుడు మా అమ్మమ్మ మోకాలు గుర్తొచ్చింది. మూడో గుప్పెడికి ఇంకో పొట్లం కొందామా అనిపించింది. పొట్లం ఇరవై రూపాయలు, పక్కనే నిమ్మకాయ చెక్క ఊరికే ఇస్తారు.

ఛఠ్ గురించి నాకు తెలిసిందంతా సునీత చెప్పిందే. నాలుగు రోజుల పండగ. మొదటి రోజు స్నానం చేసి అన్నం, సొరకాయ తింటారు. రెండోరోజు రాత్రి పాయసం తిన్నాక మంచినీళ్ళు కూడా ముట్టరు. మూడోరోజు సాయంత్రం దిగిపోయే సూర్యుడికి, నాలుగోరోజు పొద్దున్న వచ్చే సూర్యుడికి నీళ్ళలో నిలబడి అర్ఘ్యం ఇస్తారు. మనవైపు ఎక్కేవాడికే దండం పెడతాం. దిగేవాడికి ముందు దండం పెట్టే పండగ నాకు నచ్చింది.

"నీళ్ళు తాగకుండా నీళ్ళలో నిలబడితే కళ్ళు తిరగవా?" అని అడిగాను.

"తిరుగుతాయి అక్కా. అందుకే పక్కన మనిషి ఉండాలి."

ఇంతలో రైల్వే పోలీసు వచ్చి నా సంచి బరువు చూసి విప్పమన్నాడు. తువ్వాలు విప్పితే ఫ్యాను బయటపడింది. ఇదేమిటని హిందీలో అడిగాడు. నాకొచ్చిన హిందీలో "పంఖా" అన్నాను. అతను ముందు రైలు పైకప్పుకేసి చూశాడు, తర్వాత నాకేసి చూశాడు. సునీత కలగజేసుకుని పడవదని చెప్పేదాకా నేను ఫ్యాన్లు ఊడదీసుకుపోయే మనిషిననే అనుకున్నాడు.

భుయ్యాడీహ్: పెళ్ళికూతురు మోటారు

బావ ఇల్లు రెండు గదులు, పైన రేకులు. గోడకి ఫ్యాక్టరీ హెల్మెట్ ఇంకా వేలాడుతోంది. బావ భార్య కాంతమ్మక్క కాళ్ళకి నీళ్ళిచ్చి, "ఒలే చెల్లీ, ఒక్కదానివే వచ్చీసినావా" అని గడ్డం పట్టుకుంది. కూతురు దుర్గ బిష్టుపూర్‌లో బట్టల కొట్లో పనిచేస్తుంది. వాళ్ళింట్లో ఒక తమాషా ఉంది. తల్లి తెలుగులో అడుగుతుంది, కూతురు హిందీలో చెబుతుంది, ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు.

"అన్నం తింతావేటే?"

"బాద్ మే ఖాఊంగీ, మమ్మీ." తర్వాత తింటుందట.

నేను వింటున్నానని చూసి దుర్గ, "పిన్నీ, తెలుగు సమఝ్ మే ఆతా హై, నోట్లోంచి రాదు" అని, అర్థమైతే అవుతుందన్నట్టు చెవి చూపించి నవ్వింది. ఆ చివరి రెండు మాటలూ తెలుగులోనే వచ్చాయని నేను చెప్పలేదు.

ఉల్లిచారు, నది చేపల వేపుడు పెట్టారు. మా సముద్రం చేప ఉప్పుతోనే పుడుతుంది. ఈ చేపకి ఉప్పు మనమే నేర్పాలి. తిని చెయ్యి కడుక్కోకముందే బావ పడవ దగ్గరికి తీసుకెళ్ళాడు.

మోటారుని చూసి నాకు నవ్వాగలేదు. పై డొప్ప నుంచి కింద రెక్కల దాకా వెండి రంగు. పక్కన పెట్రోలు ట్యాంకుకీ దాని మూతకీ అదే రంగు. ఎక్కడ చోటుంటే అక్కడ పసుపు, కుంకం, మీద ఎండిపోయిన బంతిపూల దండ, ట్యాంకు మూతకి పసుపుతాడు.

"పెళ్ళెప్పుడు బావా?"

"నవ్వకే. విశ్వకర్మ పూజకి ఏసిన రంగు. ఆ రోజు ఊరంతా ఇంతే. క్రేను కాడ్నించి సైకిలు దాకా కడిగి, రంగేసి, బొట్టెట్టి, ఒక్కరోజు ముట్టుకోరు. మిషన్ని ఊరికే వాడుకోకూడదు గదా. ఏడాదికోపాలి నువ్వున్నావని సెప్పాల దానికి."

మా తీరంలో పడవకి కొబ్బరికాయ కొడతాం, ముక్కుకి పసుపు రాస్తాం. మోటారుకి రంగెయ్యం, వేసినా ఉప్పుగాలి ఉంచదు. కానీ మిషనుతో నువ్వున్నావని చెప్పాలనే మాట నాకు తోచనందుకు కాస్త సిగ్గేసింది. ఇరవయ్యేళ్ళుగా మోటార్ల మీద బతుకుతూ వాటిని తిట్టడమే గానీ మంచిమాట చెప్పింది లేదు.

ఆ సాయంత్రం బావ బయటికి వెళ్ళినప్పుడు కాంతమ్మక్క పొయ్యి దగ్గర కూచుని అసలు సంగతి చెప్పింది. నిరుడు ఛఠ్ సాయంత్రం, వెనక వీధి శాంతిదేవి కాలుజారి లోతులో పడింది. బావ పడవతో అవతలి గట్టు దగ్గరున్నాడు. పడవ తిప్పుకుని బయల్దేరాడు. సగం నదిలో మోటారు మూలిగి మూలిగి నిలబడిపోయింది. గట్టునున్నవాళ్ళు వెదురుకర్ర అందించి ఆవిణ్ణి లాగారు. బతికింది, రెండు రోజులు ఆసుపత్రిలో ఉంది.

"ఒక్కలూ ఈయన్నేటీ అన్లేదు చెల్లీ. ఆయమ్మ సందులోంచి వత్తే ఇల్లు దగ్గర. ఐనా ఏడాదయింది, ఈయన చుట్టూ తిరిగొత్తన్నాడు."

ఊళ్ళో మెకానిక్కు విప్పి చూశాడట. తన కొట్లో తన ట్యాంకు తగిలించి నడిపితే శుభ్రంగా నడిచిందట. తర్వాత పడవ టార్పాలిన్ కిందే ఉండిపోయింది.

నది మధ్యలో నా పరువు

మర్నాడు పొద్దున్నే నదిలోకి దిగాం. బావది ఫ్యాక్టరీ క్రమశిక్షణ. బయల్దేరే ముందు ప్రతిసారీ ట్యాంకు మూత తీసి పెట్రోలు చూస్తాడు, మూత బిగిస్తాడు, అప్పుడే తాడు లాగుతాడు. మోటారు ఒక్క లాగుకే అందుకుంది. పిడి మెలేస్తే పడవ ముక్కెత్తి పరిగెత్తింది. అయిదు నిమిషాలు కాలేదు, మెట్లెక్కిన ముసలాడిలా ఆయాసం మొదలైంది. పిడి పూర్తిగా తిప్పినా సగం వేగమే.

నేను ట్యాంకు చూశాను. ఈ మోటార్లకి ట్యాంకు విడిగా ఉంటుంది, రబ్బరు గొట్టంతో పెట్రోలు వస్తుంది. మూత మీద చిన్న మర ఉంటుంది, అది వదులు చేస్తే ట్యాంకులోకి గాలి వెళుతుంది. మర వదులుగానే ఉంది. ఇంక దాని జోలికి పోలేదు. ఫ్యాను మాత్రం నా కళ్ళకి పెద్దగా కనిపించింది. అసలు సంగతేమిటంటే, నేను భీమిలి నుంచి ఫ్యాను మోసుకొచ్చాను, అందుకని జబ్బు ఫ్యానులోనే ఉండాలి.

"రెక్కల మలుపు ఎక్కువుంది బావా. బరువు లాగలేకపోతంది" అని తీర్పు చెప్పాను.

గట్టుకి తెచ్చి ఫ్యాను మార్చాను. బావ మూత తీసి పెట్రోలు చూశాడు, బిగించాడు, తాడు లాగాడు. పడవ బాణంలా పోయింది. నేను గట్టున బట్టలుతికే ఆడవాళ్ళకేసి చెయ్యి కూడా ఊపాను. అవతలి గట్టు చేరకముందే ఆయాసం వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు నది మధ్యలో పూర్తిగా ఆగింది. ఇద్దరం చెరో తెడ్డూ వేసుకుంటూ గట్టుకొచ్చాం. ఇందాకటి ఆడవాళ్ళు ఇప్పుడు నాకేసి చెయ్యి ఊపారు.

బావ తడి తెడ్లు పక్కన పెట్టి మోటారు తుడవడం మొదలుపెట్టాడు. ఎప్పటి బావైతే ఇంటికి చేరేలోపు నన్ను పది మాటలంటాడు. 

బిష్టుపూర్

మూడోరోజు, అంటే ఛఠ్ మొదటిరోజు, పొద్దున్న కొత్త రబ్బరు గొట్టం కోసం దుర్గతో బిష్టుపూర్ వెళ్ళాను. షేర్ ఆటోలో ముగ్గురి చోట అయిదుగురం. బజారంతా చెరుకుగడలు, అరటిగెలలు, వెదురు చేటలు. మా విశాఖలో పండగంటే బట్టల కొట్టు దగ్గర జనం, ఇక్కడ చేటల దగ్గర.

దుర్గ నాకు లిట్టీ తినిపించింది. గోధుమపిండి ఉండలో సెనగపిండి కూరి బొగ్గుల మీద కాలుస్తారు. ప్లేటుకి రెండు, ముప్పై రూపాయలు, పక్కన వంకాయ పచ్చడి. పచ్చడి మన కాల్చిన వంకాయ పచ్చడికి చెల్లెలే, చింతపండు మాత్రం లేదు. సందు చివర శ్రీకాకుళం ఆయన ఇడ్లీబండి ఉంది. నేను తెలుగులో పలకరిస్తే, "ఏ ఊరమ్మా మనది" అని అడిగి ఒక ఇడ్లీ ఎక్కువ వేశాడు. ఊరు దాటితే తెలుగువాడికి తెలుగువాడు కనపడగానే ఇడ్లీ ఒకటి పెరుగుతుంది.

గొట్టం పంపుసెట్ల కొట్లో దొరికింది. తిరిగొస్తూ దుర్గ హిందీ ఆపి, ఏరుకుంటున్నట్టు తెలుగులో అడిగింది.

"పిన్నీ, బాగవుద్దా? పప్పా రోజూ పొద్దున్న మోటారు తుడుస్తాడు. తుడిచి అక్కడే కూచుంటాడు. లోపలికి రాడు."

"అవుద్ది తల్లీ" అన్నాను. నాకు నమ్మకం లేదు. ఆ పిల్ల తెలుగు వెతుక్కుని మరీ అడిగాక ఇంకే మాటా నోటికి రాలేదు.

పిన్నీసు పని

మధ్యాహ్నం కొత్త గొట్టంతో మళ్ళీ దిగాం. బావ మూత తీశాడు, చూశాడు, బిగించాడు. పరుగు బాగుంది. ఈసారి నేను మోటారు దగ్గర కూచోలేదు, గొట్టం మధ్యలో ఉండే రబ్బరు బంతిని పట్టుకుని కూచున్నాను. మొదట్లో మోటారుకి పెట్రోలు అందడానికి ఆ బంతిని పిసుకుతాం. నడుస్తున్నంతసేపూ అది గుండ్రంగా ఉండాలి.

ఆయాసం మొదలైంది. నా చేతిలో బంతి నెమ్మదిగా చప్పబడింది, పీల్చి పారేసిన రసం మామిడిపండులా. వదిలినా ఉబ్బలేదు. మోటారు పెట్రోలు లాగుతోంది, ట్యాంకు ఇవ్వడం లేదు.

"బావా, మూత తియ్యి."

"ఎందుకే? నిండుగా ఉంది. సూసే బయల్దేరాం గదా."

"తియ్యమన్నాను."

బావ మూత తిప్పాడు. ఊపిరి బిగబట్టిన మనిషి ఒక్కసారి గాలి పీల్చుకున్న చప్పుడైంది. నా చేతిలో బంతి ఉబ్బింది. రెండు నిమిషాల్లో మోటారు గొంతు మారింది, పడవ ముక్కెత్తింది. బావ పిడి పట్టుకుని బొమ్మలా ఉండిపోయాడు.

అప్పుడర్థమైంది నాకు. బయల్దేరేముందు ప్రతిసారీ బావ మూత తీస్తున్నాడు, గాలి నిండుతోంది. ఆ గాలితో అయిదు నిమిషాలు నడుస్తోంది. ఆ అయిదు నిమిషాల మంచిపేరు ఒకసారి ప్లగ్గులకి, ఒకసారి ఫిల్టరుకి, ఒకసారి నా ఫ్యానుకి పోయింది.

గట్టుకొచ్చి మూత చేతిలోకి తీసుకున్నాను. మర వదులుగానే ఉంది, నేను చూసింది అబద్ధం కాదు. కానీ ఆ మర కింద సూదిమొన పట్టేంత బెజ్జం ఉండాలి. అది కనపడలేదు. పైటనున్న పిన్నీసు తీసి గుచ్చాను. ముందు కుంకం రాలింది. తర్వాత వెండి రంగు పెచ్చు. దాని కింద మళ్ళీ కుంకం, మళ్ళీ వెండి రంగు. అప్పుడు పిన్నీసు అవతలికి దిగింది.

బావ ఆ పెచ్చుల్ని అరచేతిలో పెట్టుకుని వేలితో విడదీశాడు.

"రెండు పూతలు" అన్నాడు.

"అవును."

"కిందిది నిరుటి పూజది."

"అవును బావా."

నదికేసి తిరిగాడు. "అయితే ఆయమ్మని ముంచీసింది నానేనా రత్నం?"

అబద్ధం నా నోటిదాకా వచ్చింది. రంగు దుకాణం మీదకి తోసెయ్యొచ్చు, మూత చేసినవాడి మీదకి తోసెయ్యొచ్చు. కానీ ఈయన నలభయ్యేళ్ళు ఫిట్టరు. ఇవాళ అబద్ధం చెబితే వచ్చే పూజకి అదే బెజ్జం మీద అదే రంగు వేస్తాడు.

"బెజ్జం మూసింది నువ్వే. తెలిసి ముయ్యలేదు" అన్నాను. "నానూ నిన్న సూసి సూడలేదు. పనంటే నాదే, నాకే అందలేదు. నీకెలా తెలుత్తాది?"

బావ అరచెయ్యి మూసుకున్నాడు. "దండవెట్టి మరీ పీక నొక్కీసాను దానికి" అన్నాడు. నాకూ ఏడుపొచ్చింది. దాన్ని దాచుకోవడానికి రెంచీలు తుడవడం మొదలుపెట్టాను.

శాంతిదేవి డాబా మీద

ఇంటికి పోయేటప్పుడు బావ చుట్టూ తిరిగి వెళ్ళలేదు. ఏడాదిగా మానేసిన సందులోకి తిరిగాడు. నేను వెనకే నడిచాను.

శాంతిదేవి డాబా మీద కడిగిన గోధుమలు ఎండలో పోసి కాపలా కూచుంది. పిట్ట వాలకూడదు, చెయ్యి తగలకూడదు. ఆ పిండితోనే పండగ ప్రసాదం చేస్తారు. నాకు తెలియక దుప్పటి అంచు సర్దబోయాను. "అరె, ఛూనా మత్" అని ఆవిడ ఇంత ఎత్తు లేచింది. మా నాయనమ్మ మడి కట్టుకున్నప్పుడు ఇలాగే లేచేది. ఆవిడ గొంతులో కోపం లేదు, కంగారే. నాకు పీట వేసి గోధుమలకి దూరంగా కూచోబెట్టింది.

బావ నిలబడే ఉన్నాడు. అరచెయ్యి తెరిచి రంగు పెచ్చులు చూపించి, ఫ్యాక్టరీ హిందీలో చెప్పాడు. పూజకి తాను రంగు వేశానని, దాంతో మూత బెజ్జం మూసుకుపోయిందని, అందుకే ఆ రోజు పడవ ఆగిందని, తప్పు తనదేనని. పై ఆఫీసరుకి ఏం జరిగిందో చెప్పే మనిషిలా వరసగా చెప్పాడు. క్షమించమని అడగలేదు, అడగడం చేతకాలేదు.

ఆవిడ పెచ్చుల్ని చూసింది. ఆవిడ హిందీ నాకర్థమైనంత వరకూ రాస్తున్నాను. "మీరు నది మధ్యలో నిలబడి పెద్దగా అరిచారు, దాదా. ఆ అరుపు వినే గట్టు మీదవాళ్ళు ఇటు చూశారు. కర్ర అందించింది వాళ్ళయితే, పిలిచింది మీరు. ఏడాదిగా ఆ మాట చెబుదామంటే మీరు ఈ సందులోకే రాలేదు."

బావ పెచ్చులు జేబులో వేసుకున్నాడు. ఆవిడ మళ్ళీ అంది, "ఈసారీ అక్కడే నిలబడతాను. మీరు పడవలో ఉండాలి."

తర్వాత మా ఇద్దరికీ అన్నం, సెనగపప్పు, సొరకాయ కూర పెట్టించింది. ఆ రోజు వ్రతం వాళ్ళింట్లో అదే వంట. ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు, ఆ కూర నేను రెండుసార్లు అడిగి వేయించుకున్నాను. బావ తలొంచుకుని తిన్నాడు. మెతుకు మిగల్చలేదు.

ట్రయల్

మర్నాడు పొద్దున్న కమిటీ పెద్దలు ముగ్గురు గట్టున కుర్చీలేసుకున్నారు. బావ పాత ఫ్యానే మళ్ళీ బిగించాడు. "నీ ఫ్యాను నువ్వట్టుకెల్లిపో, రైల్లో గాలికి పనికొత్తాది" అన్నాడు. మా బావ తిరిగొచ్చాడని నాకప్పుడే తెలిసింది.

బయల్దేరే ముందు ఒక పని చేశాడు. నా పైటకున్న పిన్నీసు అడిగి తీసుకున్నాడు. మూతకి కట్టిన పసుపుతాడు విప్పి, అందులో పిన్నీసు గుచ్చి, మళ్ళీ మూత మెడకి కట్టాడు.

"ఇదేటి బావా, నా పైట జారిపోతంది."

"కాంతమ్మనడిగి ఇంకోటి ఎట్టుకో. ఇది ఇంక మోటారుది. ఏటా పూజకి రంగేత్తాను, బొట్టెడతాను, ఆకర్ని ఈ పిన్నీసుతో పొడుత్తాను. నాను పోయినా ఎవులో ఒకలు ఇదెందుకుందని అడుగుతారు గదా."

పడవ అవతలి గట్టుకి రెండుసార్లు పోయి వచ్చింది. కమిటీ పెద్ద మూడోసారీ వెళ్ళమన్నాడు, వెళ్ళొచ్చింది. వేగం ఎక్కడా తగ్గలేదు. కుర్చీలు మడతపెట్టుకుంటూ ఆయన, "ఠీక్ హై దాదా, కల్ చార్ బజే" అన్నాడు. రేపు నాలుగింటికి రమ్మని. అంతే. పొగడ్తా లేదు, పాత సంగతి ఎత్తడమూ లేదు.

దిగే సూర్యుడు

మర్నాడు సాయంత్రం ఘాట్ నిండా పసుపు చీరలు, చెరుకు మండపాలు, చేటల్లో పళ్ళు, దీపాలు. మా కార్తీకంలో దీపం నీళ్ళలో వదిలి మనం గట్టున ఉంటాం. ఇక్కడ మనిషే నీళ్ళలోకి వెళుతుంది. బావ పిడి దగ్గర, నేను పడవ ముందు బల్ల మీద తాడు పట్టుకుని. దుర్గ గట్టు నుంచి "పిన్నీ, పట్టుకుని కూచో" అని అరిచింది, తెలుగులోనే.

నీళ్ళలోకి దిగే ముందు శాంతిదేవి పడవ దగ్గరికొచ్చింది. ముక్కు నుంచి పాపిడి దాకా నారింజరంగు సిందూరం. చేతిలో సిందూరం భరిణె. మోటారుకి కూడా పెట్టాలని వేలు ముంచి వంగింది. ఆవిడ చెయ్యి మూత వైపు వెళ్ళేసరికి బావ రెండు చేతులూ మూత మీద అడ్డం పెట్టేశాడు.

"బహన్, ఇక్కడ వద్దు. ఇదొక్కటి వదిలేసి ఎక్కడైనా పెట్టు" అన్నాడు. కంగారులో తెలుగులోనే అనేశాడు. ఆవిడకి భాష రాకపోయినా చేతులు చూసి అర్థమైంది. నవ్వి, పడవ ముక్కుకి ఇంత పొడుగున సిందూరం పెట్టి నీళ్ళలోకి దిగింది. నిరుడు జారిన చోటే నిలబడింది.

మేం ఎగువకీ దిగువకీ తిరుగుతూనే ఉన్నాం. మోటారు నీళ్ళ చప్పుడుకి మించి అరవలేదు. ఎర్రటి సూర్యుడు చెట్ల మీదకి దిగాడు. వేలమంది ఒక్కసారి చేటలెత్తారు. బావ ఆ పూట సూర్యుణ్ణి చూడలేదు. ఎటు తిరిగినా ఒక మనిషినే చూస్తున్నాడు. ఆవిడ చేట ఎత్తుకుని, కళ్ళు సగం మూసుకుని, పొద్దు పూర్తిగా దిగేదాకా అలాగే నిలబడింది. కాలు తడబడలేదు.

చీకటి పడేముందు జనం గట్టెక్కారు. శాంతిదేవి కూడా చేట తలకెత్తుకుని ఇంటిదారి పట్టింది. బావ మోటారు ఆపాడు. నేను తాడు విసిరి దిగుతుంటే నా భుజం మీద చెయ్యేసి ఆపాడు. కళ్ళు తడిగా ఉన్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది.

"సూసినావా రత్నం?" అన్నాడు. "పడవుందా లేదా అని ఆయమ్మ ఒక్కపాలి కూడా ఇటేపు తిరిగి సూడనేదు."